దుంకినోడు

ఆదివారం పొద్దున పదిన్నర. అబిడ్స్‌లో పెద్ద పోస్టాఫీసు దాటాక, పాత పుస్తకాలు పరిచిన ఫుట్‌పాత్ పక్కన, నాలుగు ఇండికేటర్లూ ఒకేసారి కొట్టుకుంటూ ఒక కొత్త కారు ఆగి ఉంది. స్టీరింగు ముందు అనురాధ. పెళ్ళయి ఇరవై మూడు రోజులు. వెనక వంద గజాల దూరం నుంచి కుంటుకుంటూ వచ్చి కిటికీలో తల పెట్టినవాడు ఆమె భర్త భూపాల్.

“ఏం డ్రైవింగ్ అనూ ఇది? ఏం డ్రైవింగ్? గట్లనా కారు ఆపేది?”

“ఆగింది గద.”

“ఆగింది గద అంట! నేను ఎంతగనం మొత్తుకున్న? తాళం తీసెయ్, తాళం తీసెయ్ అని. విన్నవా?”

“విన్న. మొదటిసారి నా చెవుల అన్నవు. రెండోసారి బయటికెల్లి వినవడ్డది.”

“అది... గాలికి అట్ల వినవడ్డది.”

“ఔ. డోర్ తెరిస్తే గాలి వస్తది మరి.”

“మాట మార్చకు. యాక్సిలరేటర్ అతుక్కుంటే ముందుగాల చెయ్యాల్సిందేంది? తాళం తీసుడు. ఎవల్ని అడిగినా చెప్తరు.”

“ఎవల్ని అడిగినా తప్పే చెప్తరు. ఉరుకుతున్న కారుకు తాళం తీస్తే స్టీరింగ్ బిగుసుకుంటది, బ్రేకు రాయి లెక్క అయితది. ఇగ కారు దాని ఇష్టం. ఎదురుగ బస్సు నిలబడి ఉండె. బస్సుకు నువ్వు చెప్తుంటివా, అన్నా, జర పక్కకు జరుగు అని?”

“పోనీ బ్రేకన్న కొట్టాలె గద! కొట్టు, కొట్టు, కొట్టు అన్న.”

“కొట్టుడు కాదు. ఒక్కసారే తొక్కి పట్టాలె. తొక్కుకుంట వదులుకుంట కూసుంటే నాలుగు దెబ్బలకే బ్రేకుల బలం పోతది. క్లచ్ తొక్కిన, గేరు న్యూట్రల్ చేసిన, బ్రేకు మీద నిలబడ్డంత పని చేసిన. లైట్లు వేసిన. ఎడమకు తీసిన. ఆగినంక తాళం తిప్పిన. అయిపాయె.”

“అయిపాయె! ఇంజన్ ఎట్ల అరిచిందో తెలుసా? అబిడ్స్ అబిడ్స్ అంత తిరిగి చూసింది. పగిలిపోతదనుకున్న.”

“అరవనియ్యాలె. న్యూట్రల్‌ల అరిస్తే ఇంజన్ ఖరాబైతది. గేరుల అరిస్తే మనం ఖరాబైతం. విక్టోరియా మేడమ్ మొదటి రోజే చెప్పింది.”

“ఆ మేడమ్ పేరు ఎత్తకు. ఇరవై రోజులు పార్కు చుట్టూ తిప్పి పంపింది, అదొక డ్రైవింగ్ స్కూలు.”

“నువ్వు నాలుగేండ్ల కింద లైసెన్స్ తీసుకున్నవు. ఇంతవరకు దానికి ఎండ తగలనియ్యలే, పర్సులనే దాచిపెట్టినవు.”

“నవ్వుతున్నవా? నవ్వుతున్నవు. నీకు ప్రతిది ముచ్చటనే.”

“అగో, ఆ లైట్లు చూడు. ఎర్ర బటన్ ఒక్కటి నొక్కితే నాలుగు ఒక్కసారే! ఎన్ని రోజుల నుంచి నొక్కాలనుకుంటున్ననో. ఎంత మంచిగున్నయో చూడు, టిక్కు టిక్కు అనుకుంట.”

“చావు తప్పించుకుని వస్తే లైట్లు మంచిగున్నయట.”

“నువ్వు తప్పించుకున్నవు. నేను లోపలనే ఉంటి.”

“ఎండ బాగ కొడుతున్నది.”

“ఔ. ప్యాంటు మోకాలు కాడ ఏమైంది?”

“ఏం గాలే.”

“చినిగింది గద.”

“పాతది.”

“మన పెండ్లికి మా అన్న పెట్టిన ప్యాంటు అది. ఇరవై మూడు రోజులకే పాతదైందా? సరే, చేతిల ఆ పుస్తకమేంది?”

“కొన్న.”

“ఎప్పుడు? సిగ్నల్ కాడ నా పక్కన కూసుని, ఆకుపచ్చ పడ్డది, పోనియ్యి పోనియ్యి అంటివి. కారు ఆగేసరికి లేకపోతివి. ఆ మధ్యల పుస్తకం గూడ బేరం చేసినవా?”

“అట్ట చినిగింది. ఆయన ఊకోలే, తీసుకపొమ్మన్నడు.”

“అట్ట ఎట్ల చినిగింది?”

“చినిగింది. పాత పుస్తకం.”

“ఎవరన్న మీద పడితే చినుగుతది.”

“అనూ, జర మెల్లగ. అందరు ఇంటున్రు.”

“ఇటియ్యి, చూడనీ. ‘పెరట్ల కోళ్ల పెంపకం’. అబ్బ! మనకు కాచిగూడల రెండో అంతస్తు, పెరడు లేదు, కోళ్లు లేవు. దుంకేటప్పుడు జర చూసుకుని దుంకొద్దా? నాలుగడుగులు ముందుకు పడితే వంటల పుస్తకాలు ఉండె.”

“నేను దుంకలే!”

“మరి?”

“దిగిన.”

“నడుస్తున్న కారుకెల్లి?”

“అప్పుడు మెల్లగనే ఉండె.”

“మెల్లగ ఉంటే ఎందుకు దిగుడు?”

“సాయం తెద్దామని.”

“సాయం!”

“ఔ, సాయం. ముందల ట్రాఫిక్ పోలీసాయన ఉండె. ఆయనకు చెప్పి బండ్లు ఆపిద్దామని.”

“పోలీసాయన ముందల ఉండె. నువ్వు ఎనక పడ్డవు.”

“అబ్బబ్బ! నువ్వు పెండ్లిచూపుల నాడు గింత మాట్లాడలే.”

“నువ్వు ఆనాడు ఏమన్నవు? ‘నా ప్రాణం పోయినా సరే నిన్ను చూసుకుంట’ అన్నవు. మా పిన్ని కండ్లు తుడుచుకున్నది. పాపం, ఇప్పుడు ఫోన్ చేసి చెప్పాలె, తుడుచుకున్న కండ్లు వాపస్ తీసుకో పిన్నీ అని.”

“చెప్పు. చెప్పుకో. అందరికి చెప్పుకో.”

“సరే, అలగకు. మోకాలు ఇటు పెట్టు. రక్తం వస్తున్నది గద! నీళ్ల బాటిల్ అందుకో. కదలకు. ఏడ్వకు.”

“ఏడుస్తలేను, మండుతున్నది.”

“మండనీ. కొత్త పెండ్లికూతురు ఆదివారం పూట మొగనితోని అబిడ్స్‌ల ఐస్‌క్రీమ్ తింటదనుకున్న. మోకాలు కడుగుతదని ఎవరనుకున్నరు?”

“అసలు ఎందుకు అతుక్కున్నది? కొత్త కారు! షోరూమోళ్లను రేపు...”

“షోరూమోళ్లను ఏమనకు. వంగి చూడు, నా కాళ్ల కాడ.”

“ఏంది?”

“మీ అమ్మ పట్ట.”

“ఏ పట్ట?”

“కాళ్లు తుడుచుకునే పట్ట. కారుతోని వచ్చిన చాప మీద ప్లాస్టిక్ ఉండె, దాన్ని తీయనియ్యలే, కొత్తది కొత్తగనే ఉండాలె అన్నది. ఆ ప్లాస్టిక్ ఖరాబ్ గావొద్దని దాని మీద గడప కాడి పట్ట తెచ్చి వేసింది. ప్లాస్టిక్ మీద పట్ట నిలుస్తదా? జారుకుంట జారుకుంట పోయి పెడల్ మీదికి ఎక్కి కూసున్నది. నేను కాలు తీసినా పెడల్ పైకి రాలే.”

“నీకు ముందే తెల్వదా? తీసెయ్యొచ్చు గద!”

“తీసిన. మళ్ల వేసింది. మళ్ల తీసిన. మళ్ల వేసింది. మూడోసారి తీస్తే కొత్త కోడలు అప్పుడే ఎదురు తిరిగిందంటదని ఊకున్న. ఇప్పుడైతే డిక్కీల పడేస్తున్న.”

“అమ్మకు చెప్పకు.”

“ఏది? పట్ట సంగతా, కోళ్ల సంగతా?”

“రెండు. పట్ట సంగతి తెలిస్తే నెల రోజులు అన్నం తినదు. ఆమె చేతుల మీద పని తప్పయిందంటే తట్టుకోదు.”

“కోళ్ల సంగతి తెలిస్తే?”

“నాకు పెట్టదు.”

“మరి ఏం చెప్పాలె?”

“కారు జర ఇబ్బంది పెట్టింది, ఆపినం అని.”

“ఆపినం! ఎవరెవరం?”

“ఇప్పుడు లెక్కలు తీస్తవా?”

“తీస్త. రేపు సోమవారం భూపాల్. నా ఉద్యోగం మొదటి రోజు. కాలేజి పటాన్‌చెరు అవతల, తొమ్మిదికి క్లాసు, బస్సుల పోతే అందుకోలేను. మీ అమ్మ ఏమన్నది? ‘ఆదివారం నాంపల్లిల మా చెల్లె పూలమ్మ ఇంటికి వచ్చి నన్ను తీసుకపో. ఎనక కూసుని చూస్త. మంచిగ తోలితే తాళం నీది, లేకుంటే ఉద్యోగం బంద్.’ నీ ముందలనే అన్నది. నాంపల్లి ఇంకా రాకముందే కారు ఆగిపోయి ఉంది. ఇప్పుడు ఆమె దగ్గరికి పోయి నువ్వేం చెప్తే అదే.”

“చెప్త.”

“ఏమని?”

“చెప్త అంటున్న గద.”

“నువ్వు దుంకినవని చెప్పకు, ఫికర్ లేదు. అతుక్కున్నది, అనూ ఆపింది, ఆమె తప్పు లేదు. గీ మూడు ముక్కలు. గంతే.”

“అనూ ఆపింది అంటే, నువ్వేం చేసినవ్‌రా అని అడుగుతది. అమ్మ సంగతి నీకు తెల్వదు. ఒక్క పోగు దొరికితే స్వెటర్ మొత్తం ఊడదీస్తది.”

“ఊడదీయనీ. చలికాలం కాదు గద.”

“ఫోన్ వస్తున్నది. అమ్మనే.”

“ఎత్తు.”

“నువ్వెత్తు.”

“మీ అమ్మ.”

“నీ అత్త.”

“భూపాల్, ఎత్తు!”

“అరె... కట్ అయింది.”

“అగో, ఆ ఆటో ఎందుకు ఆగుతున్నది?”

నాంపల్లిలో చెల్లెలింటి ముందు ముప్పావుగంట నిలబడి, విసిగి, ఆటో ఎక్కి కాచిగూడ బయల్దేరిన శంకరమ్మకు దారిలో కొడుకు కారు కనిపించింది.

“ఏం తమాష ఇది? ఆడ నేను ఎండల నిలబడి ఎదురుచూస్తుంటే, గీడ మొగడు పెండ్లాలు పుస్తకాలు కొంటున్రా?”

“అది కాదమ్మా...”

“నడిరోడ్డు మీద లైట్లు కొట్టుకుంట, పెండ్లి ఊరేగింపు లెక్క! ఏమైంది?”

“నీళ్లు తాగుండ్రి అత్తమ్మా, ఎండల వచ్చిన్రు.”

“నాకెందుకు నీళ్లు? అడిగింది చెప్పు పిల్లా. కారు ఎందుకు ఆగింది?”

“యాక్సిలరేటర్ అతుక్కున్నది అత్తమ్మా. అందుకే ఆపిన.”

“ఎవరు తోలుతున్రు?”

“నేనే.”

“అనుకున్న! గోరింట రంగు గూడ పోలే, స్టీరింగ్ పట్టుకుని ఊరేగుడు. అది యాక్సిలరేటర్ అనుకున్నవా, సెల్‌ఫోన్ అనుకున్నవా, ఒత్తిందే ఒత్తుడు?”

“ఒత్తుడుకు కాదత్తమ్మా.”

“మరెందుకు అతుక్కున్నది?”

“తెల్వది.”

“తెల్వది! ఎమ్మెస్సీ. రేపటికెల్లి పిల్లలకు పాఠం చెప్పేటామె. కాళ్ల కింది పెడల్ ఎందుకు అతుక్కున్నదో తెల్వది. ఓరి భూపాలూ, నువ్వేం చేస్తున్నవు అప్పుడు?”

“నేనా? నేను పక్కనే ఉన్నమ్మా.”

“పక్కన ఉండి?”

“చెప్పిన. తాళం తీసెయ్యమని చెప్పిన. బ్రేకు కొట్టమని చెప్పిన.”

“చెప్పుడేనా? చేసుడు లేదా?”

“చేసిన. హ్యాండ్‌బ్రేక్... హ్యాండ్‌బ్రేక్ గుంజిన.”

“నువ్వు గుంజినవా?”

“గుంజిన.”

“గుంజిండా పిల్లా?”

“ఆయననే అడుగుండ్రి అత్తమ్మా.”

“అడిగిన గద, గుంజిన అంటున్నడు. అంటే నా కొడుకు లేకుంటే ఇద్దరు ఏ బస్సు కిందికో పోతుంటిరి.”

“అమ్మా, ఊకో. ఆమె గూడ...”

“ఆమె గూడ ఏంది?”

“బ్రేకు తొక్కింది.”

“ఎంత పెద్ద పని! కారుల కూసున్నాక బ్రేకు తొక్కక, కాళ్లు సాపుకుని పేరంటానికి కూసుంటదా? మీ నాయిన ముప్పై ఏండ్లు లారీ తోలిండు. అఫ్జల్‌గంజ్‌ల సరుకు ఎక్కిస్తే నాగపూర్‌ల దించేటోడు. ఆ లారీకి ఒక్క గీత పడ్డదా? కొనుక్కొచ్చి ఇరవై రోజులు గాలే, కారును నడి అబిడ్స్‌ల నిలబెట్టిన్రు. ఇటియ్యి తాళం.”

“అత్తమ్మా...”

“ఇయ్యి అంటున్న. ఇగ ఈ కారు ముట్టకు. కాలేజికి ఫోన్ చేసి రాను అని చెప్పు.”

“రేపు జాయిన్ కాకుంటే వేరేటోళ్లను తీసుకుంటరు అత్తమ్మా. ఈ ఉద్యోగం కోసం రెండేండ్లు తిరిగిన.”

“తిరిగినవు గద. ఇప్పుడు ఇంట్ల కూసో, కాళ్లకు జర సుఖం.”

“ఏమండీ, మీరేమన్న చెప్పేది ఉన్నదా?”

“ఎండ బాగ కొడుతున్నది.”

“నా దిక్కు చూసి చెప్పుండ్రి. ఉన్నదా?”

“అమ్మా... పోనీ ఒక వారం చూద్దాం.”

“వారమా? రేపటికి వారమెట్ల అయితదండీ?”

“మొగన్ని అట్ల గుచ్చి గుచ్చి అడుగుడేంది పిల్లా? ప్రాణం కాపాడిండు, అది చాలదా?”

“చాలు అత్తమ్మా. శానా చాలు. ఇగోండ్రి తాళం. ఇంటిదాక మీ కొడుకే తోలుతడు. హ్యాండ్‌బ్రేక్ గుంజి ఇద్దర్ని కాపాడినోడు, ఆయన ఉండంగ మనకేం భయం? నేను ఎనక మీ పక్కన కూసుంట.”

“గిప్పుడు తెలివికి వచ్చినవు. ఎక్కు కొడుకా.”

“నేనా? ఇప్పుడా? మోకాలు నొస్తున్నదమ్మా.”

“మోకాలేమైంది?”

“తగిలింది. డ్యాష్‌బోర్డుకు.”

“మన డ్యాష్‌బోర్డుకు మన్ను ఉన్నదా? ప్యాంటు నిండ మన్నే. ఆగు, మెడ ఎనక ఏందది? కాగితం ముక్క. ఏందిరా దీని మీద, కోడిపుంజు తలకాయ?”

“ఏదో గాలికి వచ్చింది.”

“ఇయ్యాల గాలి శానా వస్తున్నదత్తమ్మా.”

“నువ్వు ఊకో పిల్లా. ఎక్కు.”

“ఆటోల పోదామా అమ్మా?”

“కారు ఎవరికి ఇడిసిపెడదాం, పోస్టుల వేద్దామా? ఎక్కు అంటే!”

“ఎక్కిన.”

“తాళం పెట్టు.”

“పెట్టిన.”

“తిప్పు.”

“తిప్పుత.”

“తిప్పు మరి. హారన్ ఎందుకు కొడుతున్నవ్‌రా?”

“చెయ్యి తగిలింది.”

“నాంపల్లి దాక వినవడ్డది. పెండ్లాం తోలితే హ్యాండ్‌బ్రేక్ గుంజినోనికి తాళం తిప్పొస్తలేదా? జర కిందికి చూడు. నేనేసిన పట్ట ఏది?”

“డిక్కీల ఉందత్తమ్మా. నేనే తీసిన.”

“మళ్ల తీసినవా? ఎన్నిసార్లు చెప్పిన? పెద్దమనిషి ఒకటి వేస్తే దాన్ని తీసుడే పనా? నీకు నా పట్ట అడ్డమొచ్చిందా?”

“చాప మీద దుమ్ము దులుపుదామని తీసిన అత్తమ్మా. ఇంటికి పోయినంక మళ్ల...”

“వెయ్యకు అనూ!”

“ఏంది కొడుకా, గట్ల అరుస్తున్నవ్?”

“ఆ పట్ట మళ్ల వెయ్యొద్దమ్మా.”

“మీరు ఊకోండ్రి.”

“నేను ఊకోను. అమ్మా, ఆ పట్టనే. ప్లాస్టిక్ మీద జారి పెడల్ మీదికి ఎక్కింది. అందుకే కారు ఉరికింది. అనూ తప్పు ఇంత గూడ లేదు. నీకు చెప్పొద్దని నేనే అన్న.”

“నా పట్టనా?”

“ఔ.”

“నా పట్ట...”

“పోనీండ్రి అత్తమ్మా. ఎవరికేం గాలే. మీరు కారు మంచిగుండాలనే వేసిన్రు.”

“నీకు తెలుసు. తెలిసి తెల్వదన్నవు. నోటికొచ్చినట్టు అంటుంటే నిలబడి పడ్డవు.”

“మీరు అన్నం తినరని చెప్పిండు.”

“నా అన్నం సంగతి తర్వాత. భూపాలూ, ఇటు తిరుగు. నా దిక్కు చూడు. హ్యాండ్‌బ్రేక్ ఎవరు గుంజిన్రు?”

“ఎవరు గుంజలే.”

“నువ్వు?”

“నేను కారుల లేను.”

“ఏడున్నవు?”

“ఎనక. పుస్తకాల మీద. దుంకినమ్మా. కారు ఉరుకంగనే డోర్ తెరిచి దుంకిన. పక్కన అనూ ఉన్నదని గూడ యాదికి రాలే. కింద పడ్డంక, కారు పోతుంటే యాదికొచ్చింది. ఆమె ఒక్కతే ఆపింది. బస్సు ఇంత దూరంల ఉండంగ ఆపింది. నేను వచ్చి ఆమెనే తిట్టిన. ఏమన్న అనమ్మా. తిట్టు.”

“దిగు.”

“అమ్మా?”

“ఆ సీట్లకెల్లి దిగు. అనురాధా, ఇటు రా బిడ్డా. ఇగో తాళం, పట్టు. పోయేముందు ఆ ప్లాస్టిక్ గూడ పీకి పారెయ్యి. రేపు ఎన్ని గంటలకు పోవాలె?”

“ఏడింటికి అత్తమ్మా.”

“ఆరింటికి టిఫిన్ చేసి పెడ్త.”

“అత్తమ్మా, ఇంటికి పోయినంక ఆయనను ఏమనకుండ్రి. భయమైతే ఎవరైనా...”

“వీన్ని నేనేమంట బిడ్డా? అర్ధగంటల నిజం చెప్పిండు. వీళ్ల నాయిన నన్ను లారీల ఇడిసిపెట్టి దుంకి ముప్పై ఏండ్లాయె, ఇంకా ఆ లారీ తానే ఆపిన అని చెప్పుకుంట తిరుగుతున్నడు.”